మంట లేని వేడినీళ్ళు

మడుగుపాడు, దుమ్ముగూడెం దారి
18 ఆగస్టు 2024

వెంకటనారాయణ గారికి,

ఉత్తరం చూసి కంగారు పడొద్దు. ఎవరికీ ఏమీ కాలేదు. చెల్లెలు పదకొండేళ్ళ తర్వాత రాసిందంటే ఏదో ముంచుకొచ్చిందనుకుంటారని ముందే చెబుతున్నాను. ఫోన్ చేద్దామంటే మీకు వినబడదు, ఇక్కడ సిగ్నల్ అందదు. అయినా మీతో మాట్లాడాలని కాదు, నాకొక లెక్క కావాలి.

నేనుండేది కాన్పుల ఇల్లు. ఆసుపత్రి కాదు. అడవి లోపలి గూడేల నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళు వచ్చి రెండు మూడు వారాలు ఉంటారు. నొప్పులు మొదలవగానే భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళతాం. కాన్పు అయ్యాక బిడ్డతో ఇక్కడికే వచ్చి పది రోజులుండి ఇళ్ళకు వెళతారు. ఒక చిన్న ట్రస్టు నడుపుతోంది. నర్సునూ నేనే, వార్డెన్‌నూ నేనే, వంటమనిషి రాకపోతే అదీ నేనే.

బాలింతల స్నానాలకు, బట్టలకు కలిపి రోజుకు ఆరువందల లీటర్ల వేడినీళ్ళు కావాలి. ఇన్నాళ్ళూ కొండమ్మ అనే కోయ మనిషి పెద్ద కాగులో కట్టెల మీద కాచేది. ఈసారి గోదావరి పొంగినప్పుడు కట్టెలన్నీ నానిపోయాయి. పొగకు కొండమ్మ దగ్గు ఆగడం లేదు, పసిపిల్లలకు కళ్ళ వెంట నీళ్ళు.

ట్రస్టు నుంచి ఉదయ్ భాస్కర్ గారు వచ్చి రెండు కాగితాలిచ్చారు. ఒకటి గ్యాస్ బాయిలర్, కొనడానికి చవక. రెండోది హీట్ పంప్ అట, దానికి రెట్టింపు. ఏదైనా సరే కొనిపెడతారు. కానీ నెలనెలా దాన్ని నడిపే ఖర్చు మాత్రం మాకిచ్చే డబ్బులోంచే పోవాలి. ఆ డబ్బులోనే గర్భిణులకిచ్చే పాలు, గుడ్లు. వేడినీళ్ళకు ఎంత ఎక్కువ పోతే కంచంలో అంత తగ్గుతుంది.

ఏది నడపడం చవకో రాయండి. ముప్ఫై ఏళ్ళు బాయిలర్ దగ్గర బతికిన మనిషి మీరు. నాకు తెలిసినవాళ్ళలో ఇంకెవరూ లేరు గనక అడుగుతున్నాను.

రాఘవమ్మ


సత్తుపల్లి
29 ఆగస్టు 2024

చెల్లెలు రాఘవమ్మకు అన్నయ్య దీవెనలు.

కవరు మీద నీ అక్షరాలు చూసి పోస్ట్‌మ్యాన్‌ను వాకిట్లోనే నిలబెట్టేశాను. ఆయన ఏదో అడిగాడు, నాకేం వినబడుతుంది! చేతులు జోడించి పంపించేశాను. నన్ను ‘మీరు’ అన్నావు. అనుకో. రాశావు, అది చాలు.

లెక్కకు వస్తాను. గ్యాస్ బాయిలర్ సంగతి తెలిసిందే, మంట మీద నీళ్ళు కాగుతాయి. హీట్ పంప్‌లో మంట ఉండదు. ఇంట్లో ఫ్రిజ్ ఏం చేస్తుంది? లోపలి వేడిని లాగి వెనక నుంచి బయటికి తోస్తుంది. ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళకిస్తుంది. కరెంటు వేడి చెయ్యడానికి కాదు, ఆ వేడిని మోసుకురావడానికి. అందుకే ఒక యూనిట్ కరెంటు కాలిస్తే మూడు యూనిట్లకు సరిపడా వేడి వస్తుంది.

నువ్వు చెప్పిన ఆరువందల లీటర్లకు, గ్యాస్ అయితే సిలిండర్లు, అడవి దారిలో వాటిని తెచ్చే ఆటో కిరాయి అన్నీ కలిపి నెలకు తొమ్మిది వేలవుతుంది. హీట్ పంప్‌కు తొమ్మిది వందలు. ఏడాది పొడుగునా అంతే. రెండుసార్లు వేసి చూశాను.

హీట్ పంపే పెట్టించు. ఉదయ్ భాస్కర్ గారు కొనే ధర చూపించి గ్యాస్ వైపు లాగుతారేమో, ఒప్పుకోవద్దు. పసిపిల్లలుండే ఇంట్లో మంట వద్దు. బాయిలర్ అసలే వద్దు. నా ఈ కాగితం ఆయనకు చూపించు, సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ ఆపరేటర్ వేసిన లెక్క అని చెప్పు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? సమాధానం రాయకపోయినా ఫర్వాలేదు. అడగాలనిపించి అడిగాను.

అన్నయ్య


మడుగుపాడు
16 అక్టోబరు 2024

వెంకటనారాయణ గారికి,

మీ కాగితం చూసి ఉదయ్ భాస్కర్ గారు మారు మాట్లాడలేదు. హీట్ పంపే వస్తోంది, వచ్చే నెలలో బిగిస్తారు. నెలకు తొమ్మిది వందలే అన్నారు గనక మిగిలే డబ్బుతో సాయంత్రం కూడా ఒక గుడ్డు పెట్టడం మొదలుపెడతాను. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఒంట్లో రక్తం ఉండదు.

కొండమ్మకు హీట్ పంప్ గురించి మీరు చెప్పినట్టే చెప్పాను. “గాలిలకెల్లి ఏడి గుంజుకుంటదా? మరి గాలి ఊకుంటదా అమ్మా?” అంది. పొయ్యి పోతే తన పని పోతుందని దాని దిగులు. పని పోదు, బాలింతలకు నీళ్ళు పోసేది నువ్వేనని చెప్పాను. రెండు రోజులుగా పొయ్యి గడ్డకు ఎర్రమట్టి అలుకుతోంది, ఇక వెలిగించేది లేదని తెలిసి కూడా.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

దసరా వెళ్ళింది. ఇక్కడ అందరూ చేసుకున్నారు, నేను చేసుకోను. ఎందుకో మీకు తెలుసు. ఈ ఇంటికి ఎందుకొచ్చానో మాత్రం మీకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు. ఆ దసరా మర్నాడు మీరు పనిచేసే బియ్యం మిల్లులో బాయిలర్ పేలినప్పుడు పోయింది నా సాయికిరణ్ ఒక్కడే కాదు. వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర పనిచేసే ప్రమీల కూడా పోయింది. ఆరో నెల. మీరు నా కొడుకు శవం పక్కన నిలబడి “వాడు నీళ్ళు చూసుకోలేదమ్మా” అన్నారు. నమ్మాను. మీ చేతికింద పని నేర్చినవాడి గురించి మీరు చెబితే నమ్మనా? నా బిడ్డ ఏమరుపాటుకు ఒక కడుపుతో ఉన్న మనిషి బలైపోయింది. అందుకే వచ్చాను. ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు కాన్పులు చూశాను, ఒక్కటీ ప్రమీల లెక్కలో జమ అయినట్టు అనిపించలేదు.

అలా అన్నందుకు కాదు నేను మీతో మాట మానేసింది. అది నిజమైనా, ఆ పూటకు చెప్పకుండా ఉండలేకపోయారా అని.

రాఘవమ్మ


సత్తుపల్లి
2 నవంబరు 2024

చెల్లెలికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దానికి ఇప్పుడేం రాయలేను. హీట్ పంప్ గురించే రాస్తాను, అది రాయగలను.

దాని వెనక నుంచి చల్లగాలి వస్తుంది. ఆ ముఖం బాలింతల గది కిటికీ వైపు ఉండకూడదు, చలికాలం పిల్లలు బిగుసుకుపోతారు. వరండా వైపు తిప్పి పెట్టించు. ఎండాకాలం ఆ గాలికి నిండు నెలల వాళ్ళు కూర్చోవచ్చు, కూలర్ అక్కర్లేదు. గాలి లోపలికి వెళ్ళేచోట జాలీ ఉంటుంది, దుమ్ము పదిహేను రోజులకోసారి కడగాలి. దానికి విడిగా చిన్న కరెంటు మీటరు పెట్టించు. ఎంత కాలుతోందో నీకే తెలుస్తుంది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

ముందు భాగంలో నీళ్ళ వేడి చూపించే చిన్న అద్దం ఉంటుంది. బిగించిన రోజు కొండమ్మో ఎవరో కొత్త యంత్రమని పసుపు కుంకుమ పెడతారు. పెట్టనీ, కాదనొద్దు. కానీ ఒంటికి పెట్టమను, అద్దానికి పెట్టొద్దను. ఈ మాట మరిచిపోవద్దు. ఎవరు పెట్టినా సరే, తుడిచెయ్యి. అప్పటికప్పుడే తుడిచెయ్యి.

అన్నయ్య


మడుగుపాడు
11 జనవరి 2025

అన్నయ్యకు,

మీరు అని రాయబోయి చెయ్యి రాలేదు. కోపమొస్తే నువ్వనే అలవాటు.

చలి చంపేస్తోంది. పొద్దున తొమ్మిదింటి దాకా మంచు విడవడం లేదు. నీ హీట్ పంప్ బాగానే పనిచేస్తోంది, నీళ్ళు వేడిగా ఉన్నాయి, పొగ లేదు, కొండమ్మ దగ్గు తగ్గింది. మొదట్లో ఆ నీళ్ళు నమ్మక మోచెయ్యి పెట్టి చూసి, “గిది పొయ్యి మీది నీళ్ళ లెక్కనే ఉంది గాని మూగదమ్మా, సప్పుడే లేదు” అంది. ఇప్పుడు దాన్ని ‘మూగపొయ్యి’ అని పిలుస్తోంది.

కానీ మీటరు చూశాను. డిసెంబరుకు మూడు వేల మూడు వందలు. తొమ్మిది వందలన్నావు. బిగించినతనితో అడిగిస్తే, “చలికాలం గింతే మేడం, గాల్ల ఏడి తక్కువుంటది, నీళ్ళు సల్లగుంటయి, మిషన్ ఎక్కువ నడవాలె. ఎవరన్నా చెప్తరు” అన్నాడు. ఎవరైనా చెబుతారట. నువ్వెందుకు చెప్పలేదు?

సాయంత్రం గుడ్డు ఆపేశాను. పద్నాలుగు మంది నా ముఖం వైపు చూశారు, ఒక్కరూ అడగలేదు. అడిగినా బాగుండేది. ఇక్కడివాళ్ళకు పెట్టింది తీసేస్తే అడగడం తెలియదు, అలవాటైపోయింది.

చిన్నప్పుడు నాకు లెక్కలు నేర్పింది నువ్వు. బొగ్గుముక్కతో అరుగు మీద రాసి. తప్పు పోతే ఊరుకునేవాడివి కాదు. నీకు లెక్క తప్పదు. తప్పిందంటే నేను నమ్మను. ఎందుకలా రాశావు?

ఇంకొకటి. పోయిన ఉత్తరంలో అద్దానికి పసుపు పెట్టొద్దన్నావు. ఒకటికి మూడుసార్లు రాశావు, కాగితం వెనక వైపు గుచ్చుకునేలా నొక్కి రాశావు. రెండు నెలలుగా ఆ మాట నన్ను వదలడం లేదు. ఎవరి నుదుట బొట్టు చూసినా అదే గుర్తొస్తోంది. ఏం దాస్తున్నావు అన్నయ్యా?

రాఘవ


సత్తుపల్లి
2 ఫిబ్రవరి 2025

రాఘవా,

ముందు కరెంటు లెక్క చెబుతాను. అది తేలిక.

నీ ఇంటికి వేసిన లెక్కలో తప్పు దొర్లలేదు, నేనే పెట్టాను. నీళ్ళు ఏడాదంతా ఏప్రిల్‌లో ఉన్నంత గోరువెచ్చగా ఉంటాయని వేశాను. కరెంటు ధర ఇళ్ళకు వేసే తక్కువ ధర వేశాను. గ్యాస్‌కు ఉన్నదాని మీద సగం పెంచాను. అసలు లెక్క ఇది: హీట్ పంప్‌కు చలికాలం మూడు వేలు దాటుతుంది, ఎండాకాలం వెయ్యికి దిగుతుంది, ఏడాది మీద నెలకు సుమారు రెండు వేలు. గ్యాస్‌కు నెలకు ఆరు వేలు. అంటే నిజం రాసినా హీట్ పంపే గెలిచేది. మూడో వంతు ఖర్చుతో గెలిచేది. నిజం ఒక్కటే చాలదేమోనని భయపడి అబద్ధం కలిపాను. పసిబిడ్డలుండే ఇంటికి బాయిలర్ అన్న నీ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ పద్నాలుగు మంది గుడ్డు నేను తీసేసినట్టే.

మీటరు పెట్టించమన్నదీ నేనే. దొరికిపోవాలనే ఉందేమో నాకు.

ఇక రెండోది.

బాయిలర్‌కు నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది, మేం గ్లాసు అంటాం. లోపల నీళ్ళు ఎంతవరకున్నాయో దానిలో కనబడుతుంది. బాయిలర్ మనిషి కళ్ళెప్పుడూ దాని మీదే ఉండాలి. ఆ దసరాకు వారం ముందే పాతది మసకబారితే కొత్తది తెప్పించి నా చేత్తో బిగించాను. తళతళలాడుతోంది. ఏటా ఆయుధపూజకు బాయిలర్ తలుపుకు, పంపుకు, గ్లాసు కింది ఇత్తడి నట్టుకు పసుపు పెట్టేవాణ్ణి. ఆ ఏడు ముచ్చటపడి గ్లాసుకే పట్టించాను. కింది సగం నిండా పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు.

మర్నాడు పొద్దున పొయ్యిలో ఊక వేసి వెలిగించాం. సాయి డ్యూటీ. నేను ఊక కుప్ప వైపు వెళుతుంటే వెనక నుంచి పిలిచాడు. “మామయ్యా, గ్లాసులో నీళ్ళు కనబడట్లేదు. పసుపు తుడిచేయనా?”

నేను తిరిగి చూడలేదు రాఘవా. నడుస్తూనే చెప్పాను. “పండగ పసుపు మూడు రోజుల దాకా తుడవకూడదురా. నీళ్ళు దాని వెనకాలే ఉంటాయి, ఎక్కడికి పోతాయి!”

“సరే మామయ్యా” అన్నాడు.

నీళ్ళు దాని వెనక లేవు. పండగ రోజు బాయిలర్ ఆపినప్పుడు ఎక్కడో కారిపోయాయి. గొట్టాలు ఎండి ఎర్రబడ్డాయి, ఆ తర్వాత పంపు చన్నీళ్ళు తోసింది, అవి ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలింది. నేను కుప్ప దగ్గర ఉన్నాను. నన్ను ఎత్తి గోడకు కొట్టింది, అంతే. చెవులు అప్పుడు పోయినవే. నేను చివరిసారి విన్న మనిషి గొంతు వాడిది. పదకొండేళ్ళుగా నా చెవుల్లో ఇంకేమీ పడలేదు గనక ఆ మాట చెరిగిపోవడానికి కూడా వీల్లేదు.

శిథిలాల్లో గ్లాసు ముక్క దొరికింది. జానెడు ముక్క, నట్టుతో సహా, పసుపు అలాగే ఉంది. జేబులో వేసుకున్నాను. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ప్రశ్న రాసి చూపిస్తే, దాని కింద “ఆపరేటర్ నీటిమట్టం చూసుకోలేదు” అని రాసి సంతకం పెట్టాను. సర్టిఫికెట్ పోతుందని, జైలని, ఊళ్ళో తల ఎత్తుకోలేనని. ఆ సాయంత్రం నీకూ అదే చెప్పాను. ఒకచోట చెప్పాక రెండోచోట మార్చలేకపోయాను.

వాడు చూసుకున్నాడమ్మా. చూసి, కనబడటం లేదని అడిగాడు. వాడి తప్పు నా మాట వినడమే.

ఈ ఉత్తరం చివర దీవెనలు రాయడానికి నాకు అర్హత లేదు.

వెంకటనారాయణ


మడుగుపాడు
20 మార్చి 2025

వెంకటనారాయణ గారికి,

మీ ఉత్తరం అందింది. నెల పైన అయింది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా లేచిపోయాను.

నా కొడుకు ఫొటో పెట్టె అడుగున పెట్టాను పదకొండేళ్ళుగా. గోడకు పెట్టలేదు. వాడి ముఖం చూస్తే “ఒక్కసారి చూసుకుంటే ఏం పోయిందిరా” అని తిట్టాలనిపించేది. చనిపోయిన బిడ్డను తిట్టుకున్న తల్లిని నేనొక్కదాన్నేనేమో. వాడు అడిగాడు. తుడవనా అని అడిగాడు. మీరు నా బిడ్డను రెండుసార్లు చంపారు. మొదటిసారి తెలియక. రెండోసారి తెలిసి, సంతకం పెట్టి.

ప్రమీల భర్త తుల్సీరాం ఇల్లందులో ఉంటాడు. ఏటా దసరా మర్నాడు నేను బస్సెక్కి అతని గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడతాను. మా అబ్బాయి వల్ల అని చెప్పి తల దించుకుంటాను. అతను ఒక్కసారీ కూర్చోమనలేదు. అది న్యాయమే అనుకున్నాను.

ఇప్పుడు మీరు వెళ్ళాలి. జరిగినదంతా కాగితం మీద రాసి, ఆ రోజు వాంగ్మూలం ఇచ్చిన ఆఫీసులో ఇవ్వాలి. ఇంకో ప్రతి తీసుకుని ఇల్లందు వెళ్ళి తుల్సీరాం చేతికివ్వాలి. ఆ గ్లాసు ముక్క నాకు పంపాలి. ఈ మూడూ అయ్యేదాకా నాకు ఉత్తరం రాయొద్దు.

రాఘవమ్మ


సత్తుపల్లి
27 మే 2025

రాఘవమ్మకు,

మూడూ అయ్యాయి.

ఆఫీసులో ఒక పెద్దమనిషి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నా కాగితం మొత్తం చదివాడు. మిల్లు మూతపడింది, యజమాని పోయాడు, ఫైలు మూసేశారని రాసి చూపించాడు. నేను కదల్లేదు. చివరికి నా కాగితం మీద ముద్ర వేసి, “పాత ఫైలులో మీ చెల్లెలి కొడుకు పేరున్న పేజీకి దీన్ని కలుపుతున్నాను” అని రాసిచ్చాడు. నాకు శిక్ష ఏంటని అడిగాను. అతను ఫైలుకు తాడు కట్టి పక్కన పెట్టేశాడు.

ఇల్లందు వెళ్ళాను. తుల్సీరాం వరండాలో సైకిల్ బాగుచేసుకుంటున్నాడు. కాగితం చేతికిచ్చాను. పక్కింటాయన చదివి వినిపించాడు. అతను లేచి నా ముందుకొచ్చి చాలాసేపు మాట్లాడాడు. పెదవులు కదులుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఒకసారి నా భుజం పట్టుకుని ఊపాడు. నాకు ఒక్క ముక్కా వినబడలేదు రాఘవా. తిట్టాడో, ఏమన్నాడో తెలియదు. రాసివ్వమని చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపాడు. నా మీద పడాల్సిన మాటలు నా ముందే పడ్డాయి, నాకు అందలేదు. పోయిన చెవుల కోసం అంతగా ఎప్పుడూ ఏడవలేదు.

గ్లాసు ముక్క దూదిలో చుట్టి పంపుతున్నాను. అంచు పదును, జాగ్రత్త.

వెంకటనారాయణ


మడుగుపాడు
4 అక్టోబరు 2025

అన్నయ్యకు,

నిన్న ఇల్లందు వెళ్ళొచ్చాను. ఏటా వెళ్ళే రోజే. ఈసారి ఎందుకు వెళ్ళాలో తెలియక కూడా వెళ్ళాను, కాళ్ళకు అలవాటైపోయింది. తుల్సీరాం నన్ను దూరం నుంచి చూసి ఎదురొచ్చాడు. కుర్చీ తెచ్చి వేశాడు. నీతో ఏమన్నాడని అడిగాను, చెప్పాడు. నీకు అందలేదన్నావు గనక అతని మాటల్లోనే రాస్తున్నాను:

“గా పెద్దాయన్ని తిట్టిన. మస్తు తిట్టిన. నా పెండ్లాం పోయింది, కడుపుల పిల్ల పోయింది, దానికి గాదు తిట్టింది. అది కావాలని చెయ్యలే, తెల్వక జరిగింది. గీ తల్లిని గిన్నేండ్లు నా గుమ్మంల నిలబెట్టినవేందయ్యా అని తిట్టిన. ఆమె వచ్చినప్పుడల్లా నేను మొఖం తిప్పుకున్న, ఒక్కనాడు మంచినీళ్ళియ్యలే. గా పాపం నాతోని చేయించినవు అని తిట్టిన. చెయ్యి చాపితే మాఫ్ చెయ్యమంటుండనుకున్న, ఇనబడదని ఆయన పోయినంక తెలిసింది.”

ఇవీ ఆ మాటలు. నీకు అందాల్సినవి అందించాను.

నిన్ను క్షమించానని రాయడం లేదు. ప్రయత్నించాను, రాలేదు. రేపు వస్తుందో రాదో చెప్పలేను. ఒకసారి ఇక్కడి నుంచి వెళ్ళిపోదామనుకున్నాను కూడా, ఏ తప్పుకోసమైతే వచ్చానో ఆ తప్పు నా బిడ్డది కానప్పుడు ఇక్కడెందుకని. పెట్టె సర్దుకుంటుంటే లోపలి గూడెం నుంచి ఒక అమ్మాయిని మంచం మీద మోసుకొచ్చారు. పెట్టె అక్కడే వదిలేసి లేచాను. ఆ తర్వాత దాని సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

మొన్న దసరా. కొండమ్మ పసుపు కలిపి తెచ్చి, “మూగపొయ్యికి యాడ పెట్టాలమ్మా?” అని అడిగింది. దాని పక్క రేకు చూపించాను. అక్కడ పెట్టింది. ఆ పసుపే కొంచెం తీసుకుని సాయి ఫొటోకు బొట్టు పెట్టాను. గోడకు తగిలించాను ఫొటోను, భోజనాల వరండాలో, అందరికీ కనబడేలా. ఎవరమ్మా అని అడుగుతున్నారు కొత్తగా వచ్చినవాళ్ళు. మా అబ్బాయి, బాయిలర్ ఆపరేటర్, జాగ్రత్త మనిషి అని చెబుతున్నాను.

వచ్చే నెలకు హీట్ పంప్ బిగించి ఏడాది. మీటరు రీడింగులన్నీ నేనే స్వయంగా చూసి రాసుకున్నాను. ఇప్పటికి సగటున నెలకు పందొమ్మిది వందలు. నువ్వు రెండోసారి రాసిన లెక్క సరిపోయింది. ఎండాకాలంలో మిగిలినదాన్ని దాచి ఈ చలికాలానికి పెట్టుకున్నాను. సాయంత్రం గుడ్డు మళ్ళీ మొదలైంది, ఈసారి ఆపను.

నువ్వు పంపిన గ్లాసు ముక్కను నాలుగు నెలలు దూదిలోంచి తీయలేదు. ఇవాళ తీశాను. పసుపు రాయిలా గట్టిపడి ఉంది. మూడు రోజులు తుడవకూడదన్నావు, పన్నెండేళ్ళు తుడవలేదు. చిన్న గిన్నెలో వేడినీళ్ళు పట్టుకొచ్చి అందులో నానబెట్టాను. చాలాసేపటికి మెత్తబడింది. వేలితో నెమ్మదిగా రుద్దాను. నీళ్ళు పచ్చబడ్డాయి, రెండుసార్లు పారబోశాను. తర్వాత తుడిచి వెలుతురులో పెట్టి చూశాను.

ఎంత తేటగా ఉందో అన్నయ్యా. అవతల వరండా, తీగ మీద పిల్లల బట్టలు, కొండమ్మ నడిచి వెళ్ళడం, అన్నీ కనబడ్డాయి.

తుడవనిచ్చి ఉంటే వాడికి కూడా కనబడేది.

రాఘవ